నల్లపూత

చలికాలమంతా మంచు కురిసే టగ్ హిల్ పీఠభూమి మీద ఓ చిన్న ఊరు. నవంబరు ఉదయం, బయట గడ్డకట్టే వాన. రోడ్ల శాఖ షెడ్డులో లిఫ్టు మీదికి ఎత్తిన, రోడ్ల మీద మంచు కరిగేలా ఉప్పు చల్లే పాత పికప్పు బండి కింద ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు మెకానిక్ నెల్డా. రెండోవాడు ఆమె మేనమామ ఓరిన్, ఆ ఊరి రోడ్ల అధికారి.

"మళ్లీ కొట్టకు నెల్డా. ఒకసారి కొట్టావుగా, చాలు."

"విన్నావా మావయ్యా ఆ చప్పుడు?"

"విన్నా. సుత్తితో ఇనుము మీద కొడితే చప్పుడు రాక పాట వస్తుందా?"

"ఇనుమైతే గంటలా మోగాలి. ఇదిగో, ముందు చక్రం దగ్గర కొడుతున్నా, విను. ఖంగుమందా? ఇప్పుడు వెనక్కి రా. ఇరుసు పైన, కమాన్లు తగిలించే చోట..."

"కొట్టకు అన్నానా!"

"...చూశావా. సుత్తి లోపలికే పోయింది."

"నీ చెయ్యే అంత. మీ అమ్మదీ అంతే. మా అక్క చేతిలో ఏ గిన్నె మిగిలింది గనక?"

"అమ్మని మధ్యలోకి లాగకు. ఇలా వచ్చి తలెత్తి చూడు."

"నా మెడ లేవదు."

"జింక కోసం పొద్దస్తమానం చెట్టెక్కి కూచున్నప్పుడు లేస్తుందిగా. లైటు పట్టుకో. ఇటు. ఈ నల్లపూత ఎంత నున్నగా ఉందో చూడు, షాపులో బూటులా. ఇప్పుడు గోరుతో లాగుతున్నా. ఇదిగో, తొక్కలా ఊడొచ్చింది. దీని వెనక అంటుకొచ్చిందేంటి?"

"మట్టి."

"మట్టి కాదు. బండి. నీ ఐదో నంబరు బండి చాసిస్సే ఇది. ఉల్లిపొరల్లా వస్తోంది చూడు."

"ఒక చోట వచ్చినంత మాత్రాన..."

"ఒక చోట కాదు. ఇక్కడ. ఇక్కడ. పెట్రోలు ట్యాంకు పట్టీ దగ్గర. ఈ అడ్డపట్టీ అయితే చేత్తో తుంచెయ్యొచ్చు. తుంచనా?"

"వద్దు వద్దు. నువ్వో పని చెయ్యి. మంచి రేకు పలక ఒకటి చూసి అతికించెయ్. తనిఖీ స్టిక్కరు వేసెయ్. ఈ చలికాలం గట్టెక్కితే వసంతంలో చూసుకుందాం."

"దేనికి అతికించను? అతకాలంటే అవతల కూడా ఇనుముండాలిగా. బూడిదకి అతుకు వెయ్యమంటున్నావ్."

"మీ నాన్న ఈ షెడ్డు చూసుకున్న రోజుల్లో ఇంతకంటే పాత బండ్లు నడిచాయి."

"నడిచాయి. ఎందుకు నడిచాయో నీకూ తెలుసు."

"తెలుసులే, ఇప్పుడదంతా..."

"మంచు కాస్త కరిగిందంటే చాలు, బండి కిందికి దూరి గోరువెచ్చటి నీళ్లతో కడిగేవాడు. పైపైన కాదు, ఆ చాసిస్ బొక్కల్లోకి గొట్టం దూర్చి మరీ. లోపలి నుంచి వచ్చే నీళ్లు నాలికకి తగిలించుకుని చూసేవాడు, ఉప్పు పోయిందో లేదో అని. అమ్మ తిట్టేది."

"నాకు తెలీదా? నేను పక్కనే ఉన్నాగా."

"ఆకు రాలే రోజులకి బండిని బాగా ఆరబెట్టి, సందుసందుల్లో నూనె కొట్టేవాడు. గట్టిపడని నూనె. అది పాకుతుంది, దానంతటదే మూలలు వెతుక్కుంటుంది. ప్రతి ఏడూ కొట్టేవాడు. ఆ కడిగే గది ఏమైంది మావయ్యా? ఎందుకు తాళం వేసుంది?"

"పైపులు చలికి పగిలాయి. బాగు చేయిద్దామంటే ఊరి సభలో ఎవడూ చెయ్యెత్తలేదు. అందుకేగా పూత వేయించింది! తుప్పు రాకూడదనే కదమ్మా వేయించాను. ఒకసారి వేస్తే బండి ఉన్నన్నాళ్లూ చూడక్కర్లేదన్నాడు ఆ పూత వేసినవాడు."

"చూడక్కర్లేదన్నది నిజమే. చూడ్డానికి వీల్లేకుండా చేశాడు. పుండు కడక్కుండా కట్టు కట్టినట్టు. ఉప్పు లోపలే ఉండిపోయింది, తడీ లోపలే ఉండిపోయింది. పూత ఎక్కడో సన్నగా పగిలి ఉంటుంది. ఉప్పునీళ్లు దూరడానికి దారుంది, రావడానికి లేదు. వేయించకపోతే ఇంతకంటే బాగుండేది. కనీసం కంటికి కనబడేది."

"నాకేం తెలుసు నెల్డా? నాకేం తెలుసు?"

"నిన్ను తిట్టట్లేదు. లైటు ఇంకాస్త పైకి. బ్రేకు పైపులు ట్యాంకు పైనుంచి పోతాయి, అక్కడ కనబడవు. చెయ్యి దూర్చి తడమాల్సిందే."

"తడమకు. ఊరికే కెలికి..."

"తడిగా ఉంది."

"వానలో వచ్చింది కదా బండి."

"వాన జిడ్డుగా ఉండదు. వాసన చూడు. బ్రేకు నూనె. ఈ పైపు గట్టిగా తొక్కితే చాలు, పగలడానికి సిద్ధంగా ఉంది."

"సరే. సరే. ఐదో నంబరు ఆపేస్తా. ఆపేశా. ఇక దిగు... అదే, బయటికి రా. కాఫీ తాగుదాం."

"ఆరో నంబరుకి కూడా ఇదే పూత కదా?"

"కాఫీలో పాలు పొయ్యనా?"

"మావయ్యా. ఆరో నంబరుకి కూడా?"

"రెండూ ఒకేసారి కొన్నవి. దానికేం, అది కాస్త నయం. ఎప్పుడూ నయమే అది."

"అయితే అదీ ఎత్తి చూస్తా. ఎక్కడుంది?"

"ఎక్కడుంటుంది, దాని చోట ఉంది."

"దాని చోట ఖాళీగా ఉంది."

"అయితే పెట్రోలు కొట్టించడానికి వెళ్లుంటుంది."

"దానంతటదే వెళ్లిందా? ఉప్పుగుట్ట ఒక పక్క తవ్వేసుంది. పొద్దున నేనొచ్చేసరికే తవ్వేసుంది, చూశా. ఎవరో నిండా ఉప్పు పోసుకుని వెళ్లారు."

"ఏం చెయ్యమంటావ్ మరి? కొండ మీద వాన పడ్డది పడ్డట్టు గడ్డకడుతోందని ఫోను. చర్చి ముందు రోడ్డు అద్దంలా ఉందంట. పిల్లల బస్సు వెళ్లాలా వద్దా? ఐదోదేమో నువ్వు ఎత్తి కూచున్నావ్. పెద్ద లారీ ఆ సందుల్లో తిరగదు. ఉన్నది ఒక్క బండి. చెప్పు, ఏం చెయ్యమంటావ్?"

"ఎవరు నడుపుతున్నారు?"

"మెర్లిన్‌కి జ్వరం."

"మెర్లిన్ జ్వరం సంగతి అడగలేదు."

"జ్వరమంటే మామూలు జ్వరం కాదు, పాపం, రాత్రంతా..."

"బండ్లతో మాట్లాడే రేడియో ఎందుకు తగ్గించేశావు?"

"గరగరలాడుతోంది. తలనొప్పి."

"జరుగు."

"నెల్డా, ముందు నా మాట విను."

"జరుగు మావయ్యా."

"నేను పిలవలేదే! ఆయనే వచ్చాడు. మెర్లిన్ రాలేదని విని తనే కోటు తొడుక్కుని వచ్చాడు. వద్దు బావా అన్నా. ఇంట్లో కిటికీ దగ్గర కూచుని చచ్చేకంటే నయం అన్నాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. మీ ఇద్దరికీ మాటల్లేవు కదా, మధ్యలో నేనేం..."

"మా నాన్నా? ఆ బండిలో మా నాన్నున్నాడా?"

"ఆయనకంటే ఈ కొండ తెలిసినవాడెవడు చెప్పు?"

"ఆరో నంబరు. షెడ్డు నుంచి మాట్లాడుతున్నా. ఆరో నంబరు, పలుకు. నాన్నా, పలుకు."

"ఓరిన్ ఏడీ?"

"నేను నాన్నా. నెల్డాని."

"గొంతు గుర్తుపట్టలేననుకున్నావా? ఓరిన్‌కివ్వు."

"నాన్నా, ఎక్కడున్నావ్? ఉన్నచోటే బండి ఆపు."

"ఇదిగో, మొదలెట్టావా! చర్చి భోజనాల్లో నలుగురి ముందూ అన్నావుగా, మా నాన్న చేతులు వణుకుతున్నాయి, కళ్లు ఆనడం లేదు, స్టీరింగు ముట్టుకోనివ్వకండి అని. అన్నావా లేదా?"

"అన్నాను. తప్పే. కాళ్లు పట్టుకుంటా తర్వాత. ఇప్పుడు బండి ఆపు."

"పైనంతా చల్లేశా. చర్చి ముందు, బడి దారి, రెస్క్యూ వాళ్ల అంబులెన్సు షెడ్డు ముందు. ఒక్కచోట తడబడలేదు. ఒక్కచోట! కింద వంతెన దాకా చల్లేస్తే అయిపోయింది. వచ్చి నీ షెడ్డులో నీ ముందే పెడతా బండి."

"నీ చేతుల గురించి కాదు నాన్నా. బండి గురించి. ఐదో నంబరు ఎత్తి చూశాను. లోపల ఏం మిగల్లేదు. బ్రేకు పైపులు కారిపోతున్నాయి. అదీ ఇదీ ఒకటే."

"బ్రేకు కాస్త మెత్తగానే ఉంది."

"ఏమన్నావ్?"

"మెత్తగా ఉంది. పొద్దున్నుంచీ. చలికి అలాగే ఉంటుందిలే అనుకున్నా."

"నాన్నా, దిగుడు మొదలెట్టావా?"

"కట్లర్ వాళ్ల పాకలు దాటా."

"మొదలెట్టాడు. మావయ్యా, మొదలెట్టేశాడు."

"బావా! ఓరిన్ని! గేరు దింపు బావా!"

"అరవకు మావయ్యా, ఆయన్ని కంగారు పెట్టకు. నాన్నా, మెల్లగా. మొదటి గేరుకి దింపు. బ్రేకు గట్టిగా తొక్కకు. తాకీ తాకనట్టు తాకు."

"దింపా. ...నెల్డా."

"చెప్పు నాన్నా."

"కాలు కిందికి పోయింది."

"సరే."

"నేలకి తగిలింది. మధ్యలో ఏమీ లేదు."

"పంపు కొట్టినట్టు కొట్టు. గబగబా."

"కొడుతున్నా. ఏమీ లేదు తల్లీ. పార్కింగు బ్రేకూ తొక్కా, తీగ టప్పుమంది. వెనక ఉప్పు నెడుతోంది."

"ముందు మంచు తోసే పార ఉందిగా. పార దించు! రోడ్డుకి ఆనించు!"

"దించా. నిప్పులు రేగుతున్నాయి. కాస్త ఆగింది. లేదు, ఆగలేదు, తగ్గింది."

"చాలు, తగ్గితే చాలు. మలుపులో కుడివైపు ఏముంది నాన్నా?"

"లిండేకర్ వాళ్ల మొక్కజొన్న చేను."

"కోసేశారా?"

"కోసేశారు."

"మలుపు తిరక్కు. తిన్నగా చేలోకి పోనీ."

"కంచె ఉంది. లిండేకర్ నన్ను చంపేస్తాడు."

"పోనీ నాన్నా! కంచె మీంచి పోనీ!"

"నెల్డా, వింటున్నావా? నాకేమన్నా అయితే..."

"ఏమీ కాదు. స్టీరింగు వదలకు. నాన్నా? నాన్నా! ఆరో నంబరు. ఆరో నంబరు, పలుకు."

"మాట్లాడట్లేదేం? నెల్డా, మాట్లాడట్లేదేం?"

"ఉండు మావయ్యా. ఆరో నంబరు. నాన్నా."

"దేవుడా. మా అక్క మొగుడే. మా అక్క మొగుణ్ణి..."

"నోర్ముయ్ మావయ్యా! వినపడనియ్!"

"...లిండేకర్‌కి చెప్పండి. కంచె నేను కట్టిస్తానని."

"నాన్నా!"

"అరవకే. చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

"దెబ్బ తగిలిందా? రక్తం వస్తోందా?"

"రక్తం లేదు. ఎడం కాలు మెలిపడింది, కదపలేకపోతున్నా. ఛాతీ మీద బెల్టు గట్టిగా పట్టేసింది, ఊపిరి తీస్తే నొప్పి. నేను నయం. బండే... బండి నడుం విరిగింది నెల్డా. నేనో పక్కనున్నాను, ఉప్పు తొట్టి ఇంకో పక్కనుంది. కర్ర విరిగినట్టు విరిగింది."

"కదలకు. అసలు కదలకు. పెట్రోలు వాసన వస్తోందా?"

"లేదు. తుప్పు పట్టిన ఇనుము వాసన. అంతే."

"మావయ్యా, రెస్క్యూకి ఫోను చెయ్! నిలబడి చూస్తావేం!"

"చేస్తున్నా, చేస్తున్నా. హలో. ఇర్మా? ఓరిన్ని. మా బావ, డెల్బర్ట్, లిండేకర్ చేలో. బండి అడ్డం తిరిగింది. ఆ, తెలివిలోనే ఉన్నాడు. కాలు, ఛాతీ. తొందరగా వెళ్లమ్మా. ...బయల్దేరుతోంది నెల్డా. పైన చర్చి పక్కనేగా, ఇట్టే వచ్చేస్తుంది."

"విన్నావా నాన్నా? ఇర్మా వస్తోంది. మాట్లాడుతూ ఉండు నాతో."

"మాట్లాడకుండా ఉండటం నీకూ నాకూ బాగా అలవాటైపోయిందే ఈమధ్య."

"ఇకమీద మానేద్దాం."

"ఊఁ."

"నాన్నా, ఆ కంచెలోంచి అంత సూటిగా నడిపించావంటే నీ చేతులు వణకలేదు."

"ఇప్పుడు వణుకుతున్నాయి."

"నావీ వణుకుతున్నాయి."

"అదిగో, ఇర్మా బండి మోత వినిపిస్తోంది. పైనుంచి వస్తోంది. పెట్టెయ్. వాళ్లు వచ్చి నన్ను ఇలా చూసి నవ్వుతారు, నాకు పరువు కావాలి."

"నెల్డా. బతికాడు. నెల్డా, బతికాడమ్మా."

"కూర్చో మావయ్యా. నీ మొహం సున్నంలా ఉంది. ఆ డబ్బా మీద కూర్చో."

"నేనే వద్దనాల్సింది. తాళాలిచ్చింది నేనే. చెయ్యి చాపి నేనే ఇచ్చాను. బ్రేకు మెత్తగా ఉందని మెర్లిన్ పోయిన వారమే అన్నాడు. అన్నాడు. చలికి అని నేనే అన్నా."

"మెర్లిన్ చెప్పాడా? నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేస్తావు."

"ఆపేద్దును."

"మొదటి మంచు పడకముందే రెండు బండ్లూ ఆగిపోతే ఊళ్లో మొహమెలా చూపించను అనుకున్నా. పరువనుకున్నా. ఏడవాలని ఉంది నెల్డా."

"తర్వాత ఏడుద్దువు. ఐదో నంబరు తాళం ఇటివ్వు. రెండోది కూడా, ఆ మేకుకున్నది. ఇవి నా జేబులో ఉంటాయి. రోడ్డు మీదికి ఉప్పు కావాలంటే పక్క ఊరి వాళ్లని బతిమాలుకో."

"బతిమాలతా. కాళ్ల మీద పడతా."

"నేను వంతెన దగ్గరికి వెళ్తా. ఆసుపత్రికి అటేగా తీసుకెళ్లేది. నువ్వూ రా. ఆ పూత వేసినవాడెవడో, ఎక్కడివాడో దారిలో చెబుదువు గాని."

"ఎవడో. కొన్నేళ్ల కిందట వేసవిలో వ్యాను వేసుకొచ్చాడు, మళ్లీ కనబడలేదు. పెద్ద మాటకారి. ముందురోజంతా వాన. బండ్లు కింద కారుతూనే ఉన్నాయి. ఆరనిద్దామా అన్నా. అక్కర్లేదు, మా మందు తడి మీద కూడా పడుతుందన్నాడు. పొద్దున మొదలెట్టి చీకటిపడేలోగా మూడూ ముగించి..."

"నెల్డా. ఓయ్ నెల్డా. వినబడుతోందా? ఇర్మా రేడియోలోంచి మాట్లాడుతున్నా."

"వినబడుతోంది నాన్నా. ఎక్కించారా?"

"ఎక్కించారు. లేగదూడని కట్టేసినట్టు మంచానికి కట్టేశారు. ఇర్మా నడుపుతోంది. నేను నవ్వితే ఛాతీ నొప్పి, వీళ్లేమో నవ్విస్తున్నారు."

"మెల్లగా దిగమను."

"మెల్లగానే. నేను చల్లినంత మేరా రోడ్డు బాగుందంట, ఈ మలుపు కింద నుంచే అద్దంలా ఉందంట. చూశావా, ముసలాడి పని ఎంత అవసరమో?"

"చూశా నాన్నా. వంతెన దగ్గరుంటా. వస్తున్నా."

"రా. కోటు వేసుకుని రా."

"పద మావయ్యా. ...మావయ్యా?"

"ఊఁ."

"ఇందాక మూడూ అన్నావు."

"అన్నానా?"

"చీకటిపడేలోగా మూడూ ముగించాడన్నావు. ఐదు. ఆరు. మూడోది ఏది?"

"ఉండు. ఉండు, నన్ను ఆలోచించుకోనీ."

"పెద్ద లారీయా?"

"కాదు."

"బడి బస్సా? మావయ్యా, బస్సా?"

"బస్సు మనది కాదుగా. బస్సు కాదు. మనవి రెండూ చేయిస్తున్నా గదా, ఊరివే కదా అన్నీ, ఎలాగూ వచ్చాడు కదా అని..."

"నా మొహం చూసి చెప్పు. ఏ బండి?"

"నెల్డా, ఆ రేడియో తియ్యి. తియ్యమ్మా, తొందరగా. ఇర్మాని బండి అక్కడే ఆపమను."